యౌవనము – వర్తకుని కన్ను

వర్తకము ఎంత పురాతనమైనదో, కొనువాని మనస్సును కనిపెట్టుట కూడ అంత పురాతనమైనది. అంగడిలో కూర్చున్న షావుకారు వచ్చిన మనిషి కాలి చెప్పులను, చేతి సంచిని, వెంట వచ్చిన ఇల్లాలి ముఖమును ఒక్కసారి చూచి ధర చెప్పును. అది అనుభవమే గాని శాస్త్రము కాదు. కాని ఒక తరము మొత్తమును ఎదుట నిలుపుకొని, అందులోను పదునెనిమిది మొదలు పాతికేండ్ల వరకు గల యువజనులను నిలుపుకొని, వారికి ఏది ప్రియము, దేనిని గౌరవింతురు, దేనికి సిగ్గుపడుదురు అని విచారించి, దానినిబట్టి సరకును తీర్చి అమ్ముట ఇరువదవ శతాబ్దపు విద్య. ఆ విద్య మన తెలుగునాట ఎట్లు ప్రవేశించినదో, ఎవరి చేతులలో ఏ రూపము ధరించినదో చెప్పుట ఈ ప్రసంగమునకు విషయము. ఇందులో మా రేడియోకు కూడ కొంత పాలు కలదు. అది అంత గొప్పగా చెప్పుకొనదగినది కాకపోయినను చెప్పక తప్పదు.

నేను మాటిమాటికి కల్వకుర్తిని ప్రస్తావింతును. అది మా ఊరగుట ఒక కారణము. రెండవది, అది దారుల కూడలి. హైదరాబాదు నుండి శ్రీశైలము పోవు బాట, జడ్చర్ల నుండి దేవరకొండ మీదుగా పోవు బాట అక్కడ కలియును. నిజాము పాలనలో మహబూబ్‌నగరు జిల్లాలో ఒక తాలూకా. 2016 నుండి నాగర్‌కర్నూలు జిల్లాలోనిది. ఆ తాలూకాలోని పడకల్లు గ్రామములోనే, తరువాత హైదరాబాదు రాష్ట్రమునకు ముఖ్యమంత్రియైన బూర్గుల రామకృష్ణారావుగారు 1899లో జన్మించినారు. భూమి ఎఱ్ఱనిది, వర్షాధారమైనది. జొన్న కడుపు నింపును, ఆముదము చేతికి నాలుగు డబ్బులిచ్చును. ఆముదాలు అమ్మినప్పుడే ఊరికి పండుగ.

ఇటువంటి ఊరిలో, నూరేండ్ల క్రిందట, ఒక యువకుడు తన ఇచ్చతో కొన్న వస్తువు ఏది? ఎంత వెదకినను దొరకదు. పంచె ఇంటి పెద్ద కొనును, చెప్పులు మాదిగవాడ నుండి ఏటి లెక్కకు వచ్చును. పెండ్లి అగు వరకు వాడు పిల్లవాడు. పెండ్లియైన మరునాటి నుండి సంసారి. ఈ రెంటి నడుమ యువకుడను మనిషికి బజారులో చోటు లేదు. బడి, జీతము, పత్రిక అను మూడును వచ్చిన తరువాతనే ఆ మనిషి పుట్టినాడు. పుట్టిన వెంటనే వానికి ఏదో ఒకటి అమ్మవలెనని పలువురు చుట్టు మూగినారు. వారిలో మొదటివారు వర్తకులు కాకపోవుట విశేషము.

మొదట వచ్చినవారు దేశభక్తులు. 1907లో బిపిన్ చంద్రపాలుగారు తీరాంధ్రమున పర్యటించి రాజమహేంద్రవరము, బెజవాడ, మచిలీపట్నములలో ఉపన్యసించినప్పుడు విద్యార్థులు వందేమాతర చిహ్నములు ధరించి తిరిగినారు. రాజమహేంద్రవరపు శిక్షణ కళాశాల నుండి గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు బహిష్కృతులైనది ఆ సందర్భముననే. ఆ కుఱ్ఱవాండ్రు కోరినది సన్నబట్ట కాదు, చవక ధర కాదు. తాము పెద్దవారమైతిమని, ఒక గొప్ప కార్యములో తమకు చోటు కలదని నలుగురికి కనబడవలెనని కోరినారు. ఆ కోరికకు దేశవాళీ బట్ట ఒక రూపమిచ్చినది.

అటుపిమ్మట ఖద్దరు వచ్చినది. నిష్ఠురముగా ఉన్నను చెప్పవలెను: సరకుగా చూచిన ఖద్దరు అమ్మటానికి చాల కష్టమైన వస్తువు. మిల్లు బట్ట కంటె ముతక, మిల్లు బట్ట కంటె ప్రియము, ఉతికిన కొలది బరువు. ధరయు నాణ్యమును మాత్రమే చూచు కొనుగోలుదారుకు దానిని అంటగట్టుట దుస్సాధ్యము. 1921లో బెజవాడలో కూడిన అఖిల భారత కాంగ్రెసు సంఘము 20 లక్షల రాట్నములు తిరుగవలెనని తీర్మానించినది. రాట్నములు తిప్పించుట ఒక ఎత్తు, నేసిన బట్టకు తొడుగువారిని సంపాదించుట మరియొక ఎత్తు. ఆ రెండవ పనిని నెరవేర్చినది యువజనులు. విద్యార్థులు మూటలు భుజాన వేసికొని ఇల్లిల్లు తిరిగినారు. అమ్మువాడును వాడే, తొడుగువాడును వాడే, ప్రకటన పలకయు వాడే. నేటి వ్యాపార సంస్థలు లక్షలు పోసినను ఇటువంటి విక్రేతలు దొరకరు.

1923 డిసెంబరులో కాకినాడ కాంగ్రెసుతో పాటు ఖద్దరు ప్రదర్శనము జరిగినది. ద్వారము కడ స్వచ్ఛంద సేవికగా నిలిచిన పదునాలుగేండ్ల బాలిక, టిక్కెట్టు లేదని జవాహర్‌లాల్ నెహ్రూగారినే నిలిపివేసినది. ఆమెయే తరువాతి కాలపు దుర్గాబాయి దేశ్‌ముఖ్. ఈ కథను మనము సాధారణముగా ఆమె నిర్భీతికి ఉదాహరణగా చెప్పుకొందుము. నాకు ఇందులో మరొకటి కూడ తోచును. బట్టల ప్రదర్శనకు టిక్కెట్టు పెట్టుట, జనము దానిని కొని లోపలికి పోవుట, కాపలాకు పదునాలుగేండ్ల పిల్లను నిలుపుట – ఇవి సామాన్యమైన నేర్పు కాదు. ఆ పిల్లకు ఒక బాధ్యతను అప్పగించినారు. ఆ బాధ్యత ఆమెకు వస్త్రము కంటె విలువైనది.

ఖద్దరువారు కోరికను పూర్తిగా కాదన్నారా అనిన, అదియు లేదు. శ్రీకాకుళపు ప్రాంతమున పొందూరు ఖద్దరు చూడుడు. వాలుగ చేప దవడ ఎముకతో దూదిని దువ్వి, వెండ్రుకవంటి నూలు తీసి నేసిన ఆ బట్ట ఏ మిల్లు బట్టకును తీసిపోదు. త్యాగము చేయుచున్నామన్న తృప్తి, సొగసుగా ఉన్నామన్న తృప్తి – రెండును ఒకే పంచెలో దొరికినవి. మహాత్ముడు 1929 ఏప్రిల్, మే నెలలలో హైదరాబాదు మొదలు ఆంధ్రదేశమంతట తిరిగి ఖద్దరు నిధికి విరాళములు పోగుచేసినప్పుడు, యువతులు చేతి గాజులు తీసి ఇచ్చినారు. నగ విడిచి ముతక చీర కట్టుట గౌరవమని ఒక తరమును ఒప్పించుట చిన్న సంగతి కాదు.

సరిగా ఆ రోజులలోనే, సముద్రముల కావల, న్యూయార్కు నగరములో మరొక ఊరేగింపు జరిగినది. 1929 మార్చి 31, ఈస్టరు పండుగ. ఫిఫ్తు అవెన్యూ అను రాజవీథిలో కొందరు యువతులు నడుచుచు బాహాటముగా సిగరెట్లు వెలిగించినారు. నాటికి ఆ దేశములో స్త్రీలు వీథిలో పొగ త్రాగుట తప్పు. మరునాడు పత్రికలన్నియు ఆ వార్తను ప్రచురించినవి. దాని వెనుక ఉన్నవాడు ఎడ్వర్డ్ బెర్నేస్, మనశ్శాస్త్రవేత్త ఫ్రాయిడుకు మేనల్లుడు. ధనమిచ్చినది అమెరికన్ టొబాకో కంపెనీ. స్త్రీలు సిగరెట్టును ఎట్లు తలంతురని బెర్నేస్ బ్రిల్ అను మానసిక వైద్యుని అడుగగా, అవి వారికి స్వేచ్ఛా జ్యోతులని ఆయన చెప్పినాడట. ఆ మాటనే బెర్నేస్ పత్రికలకు అందించినాడు. సిగరెట్టు రుచిని గురించి ఎవరును ఒక్క మాట అనలేదు.

వారము, పది దినముల తేడాతో జరిగిన ఈ రెండు సంగతులను ప్రక్కప్రక్కన పెట్టి చూచినపుడు నాకు కొంత భయము కలుగును. రెంటిలోను మాట ఒకటే: స్వేచ్ఛ. ఉద్దేశింపబడినవారును యువజనులే. ఒక చోట కొన్న డబ్బు నూలు వడికిన పేదరాలి ఇంటికి పోయినది. ఆ లెక్క కాగితము మీద చూపబడినది. రెండవ చోట డబ్బు కంపెనీకి, పొగ ఊపిరితిత్తులకు పోయినవి.

నిజాము రాజ్యమున స్థితి వేరు. సభ పెట్టుటకే అనుమతి కావలెను. 1931లో కల్వకుర్తికి పొరుగుననున్న దేవరకొండలో బూర్గులవారి అధ్యక్షతన రెండవ ఆంధ్ర మహాసభ జరిగినప్పుడు తెలుగులో మాటలాడుటయే ఒక సాహసము. అక్కడి యువజనులకు దొరికిన స్వేచ్ఛా వస్తువు పుస్తకము. నల్లగొండ జిల్లా నుండి వచ్చిన వట్టికోట ఆళ్వారుస్వామిగారు దేశోద్ధారక గ్రంథమాలను నెలకొల్పి, పుస్తకముల మూటతో ఊరూరు తిరిగి అమ్మినారు. అణా గ్రంథమాల అను పేరిట ఒక్కొక్క పుస్తకమును ఒక అణాకు ఇచ్చినవారును కలరు. అణా అనగా అప్పటి విద్యార్థి తండ్రిని అడుగకుండ కర్చు పెట్టగల డబ్బు. ధరను కొనువాని జేబును బట్టి నిర్ణయించి, దానినే గ్రంథమాలకు పేరుగా పెట్టుట గొప్ప నేర్పు. అదే కాలమున కోస్తా జిల్లాలలో రైలు స్టేషనుల మీద కొవ్వలి లక్ష్మీనరసింహారావుగారి చిన్న నవలలు వేడి వడల వలె అమ్ముడుపోవుచుండెను. వాటిని పండితులు చిన్నచూపు చూచినారు. ఇంటిలో పెద్దలు లేని వేళ దిండు క్రింద నుండి తీసి చదువుకొన్న యువతులు మాత్రము చూడలేదు. ఆయన వేయి నవలలు వ్రాసినారు; చదువువారు లేనిదే ఎవరును వేయి నవలలు వ్రాయరు.

ఇక రేడియో.

1952లో డాక్టరు బి. వి. కేస్కరుగారు కేంద్ర సమాచార శాఖకు మంత్రియైనారు. శాస్త్రీయ సంగీతమందు గాఢమైన అభిమానము గలవారు. సినిమా పాటలు యువజనుల అభిరుచిని పాడుచేయునని తలచి, ఆకాశవాణిలో వాటికి చోటు కుదించినారు. ఆ నిర్ణయము వలన మేలు కలుగలేదనను. లలిత సంగీతమను ఒక అందమైన శాఖ తెలుగులో వర్ధిల్లినది. బాలాంత్రపు రజనీకాంతరావు, పాలగుమ్మి విశ్వనాథము వంటి వారి కృషి దానికి సాక్ష్యము. కాని పదునెనిమిదేండ్ల పిల్లవాడు ఏమి వినవలెనో మేము నిర్ణయించితిమే గాని, ఏమి వినగోరుచున్నాడో అడుగలేదు.

అడిగినవాడు పండ్లపొడి వర్తకుడు. స్విట్జర్లాండుకు చెందిన సీబా కంపెనీ బినాకా అను పేరుతో పళ్ళు తోముకొను పేస్టును అమ్ముచుండెను. ఆ కంపెనీ రేడియో సిలోనులో అరగంట సమయము కొని, 1952 డిసెంబరులో బినాకా గీత్‌మాలా అను కార్యక్రమమును ఆరంభించినది. నిర్వాహకుడు అమీన్ సయానీ, ఇరువదేండ్ల యువకుడు. ఏడు పాటలు వినిపించి, అవి వెలువడిన క్రమములో వాటిని అమర్చి వ్రాయుమని శ్రోతలను కోరినారు. నూరు రూపాయలు బహుమానము. నలుబదియో ఏబదియో ఉత్తరములు వచ్చునని ఎదురుచూడగా మొదటి వారమే 9,000 వచ్చినవని సయానీగారు తరువాత పలుమారులు చెప్పినారు.

ఆ ఉత్తరముల సంచులను నేను తరచు తలచుకొందును. అందులోనున్నవి జవాబులు మాత్రమే కాదు. ఏ ఊరు, ఏ వయస్సు, ఏ పాట అంటే ఇష్టము – ఇంత సమాచారమును యువజనులు తమంత తాము, తమ చేతి తపాలా బిళ్ళ అంటించి, ఒక వర్తకునికి పంపినారు. మన కాలమున ప్రతి ఇంట చేతి ఫోను అడుగకయే చేయుచున్న పని అప్పుడు బుధవారము రాత్రి పాటల నడుమ జరిగినది. తెలుగు శ్రోతలకును సిలోను కేంద్రము దూరము కాలేదు. మీనాక్షి పొన్నుదురైగారి కంఠమును ఇప్పటికిని తలచుకొను పెద్దలు మన ఇండ్లలో కలరు. ఆకాశవాణి ఈ దెబ్బను గ్రహించి 1957 అక్టోబరు 3న వివిధభారతిని ప్రారంభించినది. దాని మీద వాణిజ్య ప్రకటనలు 1967లో మొదలైనవి. యువజనులచేతనే నడపబడు యువవాణి 1969లో ఢిల్లీలో పుట్టినది. ఆ గీత్‌మాలా కూడ 1989లో వివిధభారతికే వచ్చి చేరినది. ముప్పది యేడు సంవత్సరములు పట్టినది!

ఇప్పుడు కల్వకుర్తికి రావలెను. ఇది మా ఇంటి కథ.

ట్రాన్సిస్టరు వచ్చుటతో రేడియో గోడ నుండి దిగి భుజమెక్కినది. 1960లు, 70లలో మా ప్రాంతమున పెండ్లికొడుకునకు మూడు వస్తువులు ఇచ్చుట వాడుకయైనది: సైకిలు, చేతి గడియారము, ట్రాన్సిస్టరు. మా తాత, అనగా మా అమ్మ తండ్రి, మా చిన్నమ్మ పెండ్లికి ఆ మూడును ఇయ్య ఒప్పుకొన్నాడు. సైకిలు, గడియారము ఆముదాల పైకముతో గట్టెక్కినవి. ట్రాన్సిస్టరు దగ్గర లెక్క తెగలేదు. జత ఎద్దులలో ఒకదానిని అమ్మినాడు. మరుసటి వానకాలము ఒంటి ఎద్దుతో, ఇంకొకరి ఒంటి ఎద్దును కలుపుకొని, వారి చేను దున్నిన తరువాతనే తన చేను దున్నినాడు; అదును తప్పినది. మా అమ్మమ్మ ఈ కథ చెప్పునప్పుడు తమ నడుమ జరిగిన మాటలను అట్లే చెప్పెడిది.

"పిల్లగాడు పాటలు వినకుంటే పెండ్లి ఆగుతదా?" అని ఆమె అడిగినదట.

"ఆగుతదే. వాని దోస్తులందరికీ ఉన్నది" అన్నాడట తాత.

1961లోనే వరకట్న నిషేధ చట్టము వచ్చినది. కాని పెండ్లి వేళ ఇచ్చు కానుకలు, పెండ్లికి ప్రతిఫలముగా ఇచ్చినవైతే తప్ప, కట్నము కావని అందులోనే ఒక వివరణ ఉండెను. ట్రాన్సిస్టరు ఆ సందులో నుండి నిశ్చింతగా ఊరిలోనికి వచ్చినది.

కొన్నేండ్ల క్రిందట చిన్నాయిన వద్ద కూర్చున్నప్పుడు నేను అడిగితిని: "చిన్నాయినా, రేడియో కావాలని నువ్వే అడిగినవా?"

"నేనెక్కడ అడిగిన బిడ్డా? మా నాయిన అడిగిండు. నేను వద్దనలేదు."

తరువాత ఆయనయే ఒక సంగతి చెప్పినాడు. కూడలి దగ్గర సైకిళ్ళతో పాటు రేడియోలు అమ్ము దుకాణము ఉండెడిదట. నోటి మీద వేలు పెట్టుకొన్న మర్ఫీ బిడ్డ బొమ్మ క్యాలెండరు గోడకు వ్రేలాడుచుండెడిదట. బుధవారము సాయంకాలము దుకాణదారు బల్ల బయట వేసి, సిలోను పెట్టి, కుఱ్ఱవాండ్రను కూర్చుండనిచ్చెడివాడు. వారి వద్ద డబ్బు లేదని ఆయనకు తెలియును. ఎవడో ఒకనాడు, "ఊకె వినిపిస్తే నీకేమొస్తది సేటూ?" అని అడుగగా, "మీరు వినుండ్రి. మీ మామలు కొంటరు" అన్నాడట. బెర్నేస్ న్యూయార్కులో ఆర్జించిన జ్ఞానము కల్వకుర్తి కూడలిలో ఏ మానసిక వైద్యుని సలహా లేకయే ఉండెనన్నమాట. కోరిక కుఱ్ఱవానిది, మాట తండ్రిది, ఎద్దు పిల్ల తండ్రిది. దుకాణదారు ఎవరిని ఏమియు అడుగలేదు.

ఈ ట్రాన్సిస్టరు కథలో రేడియో ఉద్యోగిగా నేను ఏ ప్రక్క నిలువవలెనో నాకు నేటికిని తేలలేదు. ఆ పెట్టె లేనిదే మాకు శ్రోత లేడు. వ్యవసాయ కార్యక్రమములు, వార్తలు, నాటకములు ఆ పెట్టె నుండియే పల్లెకు పోయినవి. కొన్నవాడు మాత్రము వాటి కొరకు కొనలేదు. పెండ్లి ఊరేగింపులో భుజాన వ్రేలాడవలెనని కొన్నాడు. పైగా 1980లలో రద్దగు వరకు దానికి ఏటేట తపాలా కచేరీలో లైసెన్సు రుసుము కూడ కట్టవలసియుండెను.

1980ల ఆరంభమున స్వేచ్ఛ అను మాట మరల సిగరెట్టు మీద ఎక్కినది. ఈ మారు హైదరాబాదులోనే. చార్మినారు సిగరెట్టుతో ఊరూర పేరు మోసిన వజీర్ సుల్తాన్ కంపెనీ, కళాశాల వయస్సువారిని ఉద్దేశించి చార్మ్స్ అను కొత్త సిగరెట్టు తెచ్చినది. పెట్టె మీద జీన్సు బట్ట నేత అచ్చు. ఆనాడు జీన్సు లాగు మన పట్టణ యువకునికి అందని పండు. సీమ నుండి వచ్చిన బంధువు తెచ్చిన సిరి. లాగు కొనలేనివాడు లాగు వంటి పెట్టెను జేబులో పెట్టుకొనెను. స్వేచ్ఛకు చిహ్నమిదియే, నీ తీరు ఇదియే అని ప్రకటనల భావము. చార్మినారు పెట్టె తండ్రులది, చార్మ్స్ పెట్టె కొడుకులది. రెంటిని చేసినది ఒక్క కంపెనీయే. ఆకాశవాణి తన నియమావళి ననుసరించి పొగాకు ప్రకటనలను స్వీకరింపలేదు. ఈ ఒక్క విషయములో మా సంస్థను నేను సంకోచము లేకుండ మెచ్చుకొందును. పత్రికలు, గోడలు, సినిమా తెరలు స్వీకరించినవి. 2003 నాటి చట్టముతో పొగాకు ప్రకటనలు నిషేధింపబడినవి.

మొన్న వేసవిలో కల్వకుర్తి పోయినప్పుడు కూడలిలో మోటారు సైకిళ్ళ పటములు, చేతి ఫోనుల పటములు ఒకదానిపై ఒకటి అంటించి ఉన్నవి. వాయిదాల మీద ఇత్తురట. అన్నింటిలోను యువకులు ఎక్కడికో వేగముగా పోవుచున్నారు. ఏ పటములోను తండ్రి లేడు.

చిన్నమ్మ ఇంటిలో గూటి మీద ఆ ట్రాన్సిస్టరు ఇప్పటికిని ఉన్నది. తోలు తొడుగు పగుళ్ళు వారినది, భుజపు పట్టీ తెగినది. పెండ్లియైన మొదటి పదేండ్లు అది చిన్నాయిన భుజము మీద చాయ్ హోటలుకు పోయి రాత్రికి వచ్చెడిదట. ఊరికి టీవీ వచ్చిన తరువాత దాని మీద ఆయనకు మనసు తీరి చిన్నమ్మ చేతికి వచ్చినది. అప్పటి నుండి ఆమె మధ్యాహ్నపు వేళ స్త్రీల కార్యక్రమము వినెడిది. "మా నాయిన ఎద్దు అరుస్తున్నదని మీ అమ్మమ్మ అనేది" అని నవ్వినది. దాని మాట పడిపోయి చాల కాలమైనది. బాగుచేయించి పంపుదునని నేను తీసికొనబోగా ఇయ్యలేదు.